మంచివాళ్ళ దిబ్బ దగ్గర ప్రొక్లెయిన్

నలభై ఏళ్ళు మట్టి తవ్వాను. మొదట చీమకుర్తి క్వారీల్లో, తరవాత మస్కట్‌లో, ఆఖరి ఇరవై రెండేళ్ళు కెనడాలో. మోకాళ్ళు రెండూ కలిసి రాజీనామా ఇవ్వడంతో మొన్న వసంతంలో పని మానేశాను.

స్కార్‌బరోలో మా బిల్డింగులో కొత్తగా దిగిన కుర్రాళ్ళు లిఫ్టులో ఆపి అడుగుతుంటారు: "అంకుల్, మెషీన్ ఆపరేటర్ అవ్వాలంటే ఏ కోర్సు చెయ్యాలి?" కోర్సు సంగతి కాలేజీవాళ్ళు చెప్తారు, వాళ్ళ బతుకే అది. నేను చదివింది ఏడో తరగతి. ఎనిమిదిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరం భరించలేమని ఇద్దరం కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. ఉద్యోగం ఆయనది కాబట్టి బయటికి నేను వచ్చాను. అందుకని కోర్సులో చెప్పనివే రాస్తాను. అవి ఎక్కువ లేవు. నా వరకు ఒక దిబ్బ, ఒక మాట.

పోర్సిలిన్

కెనడాకి నన్నెవరూ పిలవలేదు. మా ఆవిడ సరళ నర్సు. పిలిచింది ఆమెని. ఆమెతో వచ్చిన లగేజీలో నేనొకణ్ణి.

మన ఊళ్ళల్లో తవ్వే మెషీన్‌ని ప్రొక్లెయిన్ అంటాం. ఇక్కడ ఆ మాట ఎవరికీ తెలియదని నాకు తెలియదు. మొదటి ఇంటర్వ్యూలో "నీకు ఏ పనిలో అనుభవం?" అని అడిగితే "ప్రొక్లెయిన్, పద్దెనిమిదేళ్ళు" అన్నాను. అడిగినాయన మెచ్చుకోలుగా తలూపి రాసుకున్నాడు. సోమవారం పనికి వెళితే బాత్రూముల్లో టైల్స్ వేసే జట్టులో పెట్టారు. ఆయన చెవికి అది పోర్సిలిన్, అంటే పింగాణీ, అని వినబడిందట. పద్దెనిమిదేళ్ళ పోర్సిలిన్ అనుభవమున్నవాడు దొరికాడని ఆఫీసంతా సంతోషించారట.

రెండు వారాలు టైల్స్ మోశాను. ఎందుకని అడగలేదు. ఈ దేశంలో ఎవరినైనా ముందు ఇలాగే పరీక్షిస్తారేమో అనుకున్నాను. మూడో వారం టైల్స్ లారీకి అడ్డంగా ఒక ఎక్స్‌కవేటర్, అదే మన ప్రొక్లెయిన్, ఆపి, దాని ఆపరేటర్ కాఫీకి వెళ్ళాడు. నేను ఎక్కి, పక్కకి తీసి, బకెట్ నేలకి ఆనించి దిగాను. కింద ఫోర్‌మన్ డెక్లన్ నిలబడి ఉన్నాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన మనిషి. ఎర్ర మొహం, తెల్ల కనుబొమలు, నవ్వు వస్తే మీసం కింద దాచుకునే అలవాటు.

"నువ్వు టైల్స్ మనిషివి కదా. అందులో ఏం చేస్తున్నావు?"

"మా ఊళ్ళో దీన్నే పోర్సిలిన్ అంటారు సార్" అన్నాను.

ఆ రోజు నుంచి నేను మెషీన్ మీద, నా పేరు పోర్సిలిన్. అసలు పేరు జీతం చీటీ మీద మాత్రమే మిగిలింది. అనుమతి లేకుండా మెషీన్ ఎక్కితే ఇప్పుడు ఆ రోజే ఇంటికి పంపుతారు. కాబట్టి ఈ కథలో నేర్చుకోవలసింది అది కాదు. అర్థం కానప్పుడు అడగాలి అన్నది. ఆ పాఠం నాకు అప్పుడు ఎక్కలేదు.

కాగితం, టమాటాలు

ఇక్కడ తవ్వే ముందు భూమి లోపల ఏముందో చెప్పడానికి వేరే మనుషులొస్తారు. గ్యాస్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు, నీళ్ళకి నీలం గీతలు గీసి కాగితం చేతికిస్తారు. గొప్ప పద్ధతి. తప్పకుండా పాటించండి. కానీ కాగితంలో ఉండేది కాగితం రాసినవాళ్ళు పెట్టింది మాత్రమే.

ఒకసారి ఒక పాత ఇంటి వెనక తవ్వుతుంటే పక్కింటి ముసలాయన కంచె మీంచి, "అక్కడ మట్టిగొట్టం ఉంది, మా నాన్న వేశాడు" అన్నాడు. నా చేతిలో కాగితం ఉంది. ఆయన చేతిలో టమాటాలున్నాయి. నేను కాగితాన్ని నమ్మాను. అరగంటలో ఆయన బేస్‌మెంట్ చేపలు పెంచుకోవడానికి తయారైంది. పంపులు పెట్టి నీళ్ళు తోడుతున్న మూడు రోజులూ ఆయన ఒక్క మాట తిట్టలేదు. జట్టులో అందరికీ టమాటాలు పంచాడు. నాకు తప్ప.

ఆ వలయం

అసలు సంగతి తరవాత కొన్నేళ్ళకి, పీటర్‌బరో వెళ్ళే దారిలో జరిగింది. ఒక పెద్ద పొలం ఇళ్ళ స్థలాలుగా మారుతోంది. నూరేళ్ళకి పైగా ఐరిష్ కుటుంబం చేతిలో ఉన్న పొలమట. ఒక మూల మోకాలెత్తు దిబ్బ, గుండ్రంగా, గట్టు కట్టినట్టు. దాని చుట్టూ ముళ్ళచెట్లు. మన రేగుచెట్టుకి చుట్టం లాంటివి, అయితే వసంతంలో తెల్లగా పూస్తాయి. ఎన్నో తరాలుగా చుట్టూ దున్నారు గానీ దాని మీద నాగలి పెట్టినట్టు లేదు.

మొదటిరోజే మెషీన్ తిప్పుతూ ఒక ముళ్ళచెట్టుని పడేశాను. ఆ మధ్యాహ్నం హోస్ పగిలి నూనె చిమ్మింది. మర్నాడు దిగుతూ మోకాలు మడతపెట్టుకున్నాను. ఆ సాయంత్రం నా లంచ్ బాక్సు మీదుగా డంప్ ట్రక్ వెళ్ళింది. డెక్లన్ మూడిటినీ వేళ్ళ మీద లెక్కపెట్టి, పడిన చెట్టు వైపు చూశాడు. హోస్ పాతదని చెప్పాను. మోకాలూ పాతదే. లంచ్ బాక్సు మాత్రం కొత్తది.

"పోర్సిలిన్, ఆ వలయం జోలికి పోకు" అన్నాడు.

"ఎందుకు?"

"అక్కడ ద గుడ్ పీపుల్ ఉంటారు." ఆ మాట చాలా మామూలుగా, మా బిల్డింగులో పంజాబీవాళ్ళు ఉంటారని చెప్పినట్టు చెప్పాడు.

నేను అర్థం చేసుకున్నది ఇది: ఆ దిబ్బ ఎవరో మంచివాళ్ళది, మర్యాదస్థులు, వాళ్ళతో గొడవ పెట్టుకోకు. సరేనన్నాను. ఆ మంచివాళ్ళు ఎవరని మళ్ళీ అడగలేదు. ఏడో తరగతి ఇంగ్లీషుకి అంతే తోచింది.

మేనేజర్ కైల్‌కి ఆ దిబ్బ ఉన్నచోట వాననీటి చెరువు కావాలి. ముప్పై దాటని మనిషి, బూట్లకి మట్టి అంటకుండా సైటంతా తిరగగల విద్య ఉన్నవాడు. సోమవారం చెరువు ఎప్పుడు మొదలుపెడతారని అడిగితే, నేల మరీ తడిగా ఉందన్నాడు డెక్లన్. మంగళవారం, మరీ పొడిగా ఉందన్నాడు. బుధవారం నన్ను పొలం రెండో చివరికి పంపి, ముందురోజు నేనే పూడ్చిన కాలవని మళ్ళీ తవ్వమన్నాడు. గురువారం కైల్ నేరుగా నా మెషీన్ దగ్గరికి వచ్చాడు.

"సోమవారం పొద్దున ముందు ఆ దిబ్బ తీస్తున్నావు. డెక్లన్‌కి ఇష్టం లేకపోతే వేరే సైటు వెతుక్కోవచ్చు. నీకూ అదే."

డెక్లన్ గురించి నా అభిప్రాయం చెప్తాను. నేను చూసిన ఫోర్‌మన్‌లలో ఆయనంత మట్టి తెలిసినవాడు లేడు. గోతి అంచు చూసి, ఇది ఎన్ని గంటలు నిలబడుతుందో చెప్పేవాడు, అన్ని గంటలే నిలబడేది. కానీ పదిమంది నవ్వుతారంటే భయం. ఆ భయంతో వారం రోజులు అబద్ధాలాడాడు తప్ప, ఎందుకు తవ్వకూడదో మీటింగులో ఒక్కసారి చెప్పలేదు. పైవాడు అసలు కారణం చెప్పకపోతే కిందివాడు తనకి తోచిన కారణం పెట్టుకుంటాడు. నేనూ అదే చేశాను.

మంచివాళ్ళని వెతుక్కుంటూ

దిబ్బ వాళ్ళది కదా, వాళ్ళతోనే ఒక మాట చెబితే సరిపోతుంది అనుకున్నాను. చుట్టుపక్కల మిగిలింది రోడ్డు అవతల ఒక్క తెల్ల చెక్క ఇల్లు. శుక్రవారం లంచ్ టైములో, ఖాళీ చేతులతో ఎందుకని సరళ చేసిన జంతికలు పట్టుకుని తలుపు కొట్టాను. ఎనభై దాటిన ఆవిడ తీసింది. పేరు నోరా. చేతిలో ఎర్ర వాకర్. ఆవిడ 'డియర్' అన్నచోట నేను 'నాయనా' అని రాస్తున్నాను, నాకు అలాగే వినబడింది.

"మేడం, మంచివాళ్ళు మీరేనా?" అన్నాను.

ఆవిడ నన్ను, హెల్మెట్‌ని, జంతికలని వరసగా చూసింది. "ఇప్పటిదాకా ఎవరూ అనలేదు నాయనా. ఎవరు చెప్పారు?"

"మా ఫోర్‌మన్. ఆ దిబ్బ మంచివాళ్ళదని. మీ చెట్టు ఒకటి పొరపాటున పడేశాను. అదీ చెప్పుకుందామని."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా ఆపలేదు. లోపలికి పిలిచి టీ ఇచ్చి చెప్పింది. మంచివాళ్ళంటే మనుషులు కారు. మట్టి కింద ఉండేవాళ్ళు. ఐర్లండ్ పొలాల్లో అలాంటి పాత వలయాలు ఎక్కడ చూసినా ఉంటాయట. ముళ్ళచెట్టు కొడితే చెయ్యి పడిపోతుందని, గట్టు తవ్వితే ఆవులు చస్తాయని అంటారట. తిరుగుడు దారైనా పరవాలేదని రోడ్డుని చుట్టూ తిప్పుకుంటారు గానీ దాన్ని ముట్టుకోరట. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళకి కోపం, అందుకే మంచివాళ్ళు అని పొగుడుతారట.

"మరి ఈ దేశానికి ఎలా వచ్చారు మేడం? వాళ్ళకి వీసా ఎవరిచ్చారు?"

"మా తాత వెంట డిపెండెంట్లుగా వచ్చి ఉంటారు."

"అయితే నాలాగే."

ఆవిడ మళ్ళీ నవ్వింది. ఆ ఊపులో నేను మా ఊరి పాముపుట్టల సంగతి చెప్పాను. పుట్ట తవ్వరని, పాలు పోస్తారని, పాము కరిచినా పాము అనరు, పురుగు ముట్టిందంటారని.

"పేరు ఎందుకు అనరు?"

"పిలిస్తే వస్తుందని."

ఆవిడ జంతిక విరిచి, తినకుండా పళ్ళెంలో పెట్టింది. కిటికీలోంచి దిబ్బ వైపు చూసింది.

"మా అమ్మ ఏటా ఒకరోజు అక్కడ పాలు పెట్టి వచ్చేది. మమ్మల్ని మాత్రం అడుగు పెట్టనిచ్చేది కాదు, మంచివాళ్ళు ఎత్తుకుపోతారని. పోయే ముందు నాకొక్కదానికే చెప్పింది. అక్కడ మా అన్న ఉన్నాడు నాయనా. నాకంటే ముందు పుట్టి, ఆ పూటే పోయాడు. జ్ఞానస్నానం కాకుండా పోయినవాళ్ళని అప్పట్లో చర్చి నేలలో పెట్టనిచ్చేవారు కాదు. పాత దేశంలో అలాంటి పిల్లల్ని ఆ వలయాల్లో పెట్టేవారు, ఎవరూ తవ్వరు కదా అని. ఇక్కడ వలయాలు లేవు. మా తాత కట్టాడు. మా అన్నతో కలిపి అయిదుగురు."

"కైల్‌కి ఎవరైనా చెప్పారా?"

"పొలం అమ్మింది మా తమ్ముడి కొడుకు. వాడికీ మంచివాళ్ళ కథే తెలుసు. ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చాను."

టీ చల్లారిపోయింది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. నేను సోమవారం ఏం చెయ్యబోతున్నానో ఆవిడకి తెలుసు, కిటికీలోంచి నా మెషీన్ కనబడుతోంది. జంతికలు బాగున్నాయని చెప్పింది, ఒక్కటీ తినకుండా.

సరళ మాట

శనివారం సరళకి చెప్పాను.

"ఆవిడ ఏమన్నా అడిగిందా నిన్ను?"

"ఏమీ అడగలా."

"అట్టాంటోళ్ళ దగ్గరికే ముందు పోవాలయ్యా. వార్డులో నొప్పి నొప్పి అని అరిచేవాళ్ళు ఎట్టాగో బతుకుతారు. నాకేం లేదని గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళతోనే మాకు భయం."

"నేను తవ్వనంటే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. ఆవిడ వచ్చి చెప్తే తప్ప ఆగదు. వాళ్ళమ్మ చెప్పొద్దన్నదంట."

"ఎనభై ఏళ్ళొచ్చినా ఇంకా అమ్మ మాటేనా?"

మా అత్తగారు పోయి పదేళ్ళయింది. సరళ ఈనాటికీ మంగళవారం గోళ్ళు తియ్యదు. నేను ఆమె గోళ్ళ వైపు చూశాను. ఆమె చేతులు చీరకొంగు కిందికి లాక్కుంది.

తరవాత తనే అంది: "ప్రసూతి వార్డులో పేరు పెట్టకముందే పోయే పిల్లలుంటారు. చీటీ మీద ఫలానా ఆవిడ బేబీ అని రాసేవాళ్ళం. మాలో మేం మాత్రం బుజ్జి అనుకునేవాళ్ళం, అందరినీ. ఏదో ఒకటి అనకపోతే ఎత్తుకోటానికి చేతులు రావయ్యా."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నోరా ఇంటికి వెళ్ళాం. ఆడవాళ్ళిద్దరూ లోపల, నేను బయట మెట్ల మీద. గంటన్నర. ఏం మాట్లాడుకున్నారో సరళ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటికొచ్చాక "రేపు వస్తుందా?" అని మాత్రం అడిగాను.

"చూస్తానంది."

తాళంచెవి

సోమవారం ఏడున్నరకి కైల్, డెక్లన్, జట్టులో ఎనిమిదిమంది దిబ్బ దగ్గర ఉన్నారు. నేను మెషీన్ నడిపించుకుంటూ వెళ్ళి, ముళ్ళచెట్లకి పదడుగుల ఇవతల బకెట్ నేలకి ఆనించి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని దిగాను. రోడ్డు అవతలి తలుపు మూసే ఉంది.

"ఏమైంది?" అన్నాడు కైల్.

"ఇక్కడ మనుషులున్నారు."

"ఎవరు మనుషులు?"

అది చెప్పడానికి నాకు హక్కు లేదు. ఆ మాట నోరాది. మాట్లాడకుండా నిలబడ్డాను. నలభై ఏళ్ళలో నేను చేసిన కష్టమైన పని అదే, బండరాళ్ళతో సహా.

"డెక్లన్ కథలు నీకూ ఎక్కాయా?" అన్నాడు కైల్. "తాళం ఇటు ఇవ్వు."

నేను డెక్లన్ వైపు చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. తరవాత అందరికీ వినబడేలా అన్నాడు: "కథ కాదు. అక్కడ మంచివాళ్ళున్నారు. నేను తవ్వించను. నన్ను తీసేస్తే తీసెయ్."

ఎనిమిదిమందీ నవ్వారు. ఒకడు పిల్లల పుస్తకాల్లో ఫెయిరీలా రెక్కలు కొట్టుకున్నట్టు చేతులు ఆడించాడు. డెక్లన్ మొహం ఎప్పుడూ ఎర్రగా ఉండేదే కాబట్టి తేడా తెలియలేదు.

నవ్వు వాళ్ళంతట వాళ్ళే ఆపారు. రోడ్డు దాటి, మా టైర్లు చేసిన గాడుల మీద ఎర్ర వాకర్ ఎత్తి పెట్టుకుంటూ, మంచి కోటు వేసుకుని నోరా వస్తోంది. ఎవరో సాయానికి వెళ్ళబోతే వద్దంది. చేరడానికి అయిదారు నిమిషాలు పట్టింది.

"నువ్వేనా ఇక్కడ పెద్ద?" అని కైల్‌ని అడిగింది. "మా అన్న అందులో ఉన్నాడు. ఇంకో నలుగురు పసివాళ్ళతో."

కైల్ జేబులోంచి నోట్‌బుక్ తీశాడు. "ఆయన పేరు, మేడం?"

"పెట్టలేదు."

కైల్ నోట్‌బుక్ మూశాడు. హెల్మెట్ తీశాడు. అతనికి జుట్టు ఉందని మాకు అప్పుడే తెలిసింది. పక్కకి వెళ్ళి ఫోన్ చేసి, తిరిగొచ్చి పని ఆపమని అతనే చెప్పాడు. అతని మీద నాకేమీ కోపం లేదు. అసలు కారణం అతనికి వినబడింది ఆ పూటే, విన్న అయిదు నిమిషాల్లో చెయ్యవలసింది చేశాడు.

పోలీసులు వచ్చారు, తరవాత పురావస్తువాళ్ళు వచ్చారు. నా బకెట్‌లో సగానికి రాని మట్టిని మూడు వారాలు చెంచాలతో, కుంచెలతో తీశారు. అంత ఓపికే నాకుంటే ఎనిమిదో తరగతి పాసయ్యేవాణ్ణి. అయిదుగురూ ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క తెల్లరాయి పెట్టి ఉంది. చూసి, రాసుకుని, ఎలా ఉన్నవాళ్ళని అలాగే కప్పేశారు. చెరువు పొలం రెండో చివరికి జరిగింది, డెక్లన్ నా చేత రెండుసార్లు తవ్వించిన కాలవ పక్కకే. ఆ కాలవ ముందుచూపుతో తవ్వించానని ఆయన ఇప్పటికీ అంటాడు.

కుర్రాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదే. ఎవరైనా ఒకచోట తవ్వొద్దంటే, వాళ్ళు చెప్పే కారణం చూసి నవ్వకండి. ఆ కారణం వెనక ఇంకోటి ఉండొచ్చు. దిగి, ఇంజన్ ఆపి, వెళ్ళి తలుపు కొట్టండి. ఏదైనా తినేది పట్టుకెళ్ళండి.

రాయి మీద

పడిన ముళ్ళచెట్టు చోట కొత్తది నేనే నాటాను. తరవాత నా మోకాలు బాగైందా అని డెక్లన్ అడిగితే, లేదని చెప్పాను. ఆయన నిరాశపడ్డాడు.

అక్కడ చిన్న రాయి పెట్టడానికి అనుమతి వచ్చింది. దాని మీద ఏం రాయాలన్నది నోరా తేల్చుకోలేకపోయింది. చనిపోయినవాళ్ళకి ఇప్పుడు పేరు పెట్టడం బాగుండదంది. అసలు ఏమీ లేకుండా ఉండటమూ బాగుండదంది. ఒకరోజు సరళకి ఫోన్ చేసి, ఆ ఆదివారం నువ్వు చెప్పిన మాట స్పెల్లింగ్ చెప్పమ్మా అని అడిగింది. సరళ ఒక్కో అక్షరం చెప్పింది. నోరా రాసుకుంది.

పని మానేసే ముందు ఒకసారి డెక్లన్, నేను అటు వెళ్ళాం. ఇళ్ళన్నీ నిండాయి. ముళ్ళచెట్లు పూసి ఉన్నాయి. నోరా తన కిటికీలోంచి చెయ్యి ఊపింది. కొత్తగా వచ్చిన ఒకాయన కుక్కని తిప్పుతూ రాయి దగ్గర ఆగి, దాని మీదున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, 'బుజ్జి' అంటే ఏమిటని మమ్మల్ని అడిగాడు.

"పాత ఐరిష్ మాట" అన్నాడు డెక్లన్, ఒక్క క్షణం ఆలోచించకుండా. "మా నాయనమ్మ అనేది."

నేను ఆయన వైపు చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేను సరిదిద్దలేదు. పద్దెనిమిదేళ్ళ పోర్సిలిన్ అనుభవం ఉన్నవాణ్ణి, మాట ఎక్కడ కుదురుకుంటే అక్కడ ఉండనివ్వాలని నాకు తెలుసు.